అమ్మ ఐసీయూలో, శనివారం డ్రిల్లు

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ఈ నెల జవాబులు ఇస్తున్నది ఆర్మీ నేషనల్ గార్డ్‌లో (అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూ పార్ట్‌టైమ్‌గా పనిచేసే సైన్యం) ఫస్ట్ సార్జెంట్‌గా చేసి రిటైరైన మన పాఠకుడు. స్వస్థలం నల్లగొండ, ఉండేది టెక్సస్‌లో.

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది సిద్దిపేట జిల్లా. ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటున్నాం. గ్రీన్ కార్డు వచ్చాక ఆర్మీ నేషనల్ గార్డ్‌లో చేరాను. ఇది మూడో ఏడు, ఇప్పుడు స్పెషలిస్ట్‌ని. పౌరసత్వం కూడా ఆ సర్వీసు మీదే వచ్చింది. మిగతా రోజుల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మా ఆవిడా ఉద్యోగం చేస్తుంది. రెండేళ్ల బాబుని చూసుకోవడానికి అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది.

మొన్న మంగళవారం పొద్దున వాడికి ఇడ్లీ తినిపిస్తుంటే అమ్మ చేతిలోంచి గిన్నె జారిపోయింది. ఏమైందమ్మా అంటే మాట ముద్దముద్దగా వచ్చింది. కుడిచెయ్యి లేవలేదు. 911కి ఫోన్ చేశాం. స్ట్రోక్ అన్నారు. ఇప్పుడు ఐసీయూలో ఉంది. అక్కడి నుంచి రిహాబ్‌కి పంపిస్తామనీ, కొన్ని వారాలు పడుతుందనీ చెప్పారు. అమ్మకి ఇంగ్లిష్ రాదు. నర్సు ఏమడిగినా నా మొహం చూస్తుంది.

ఈ శని, ఆదివారాలు నాకు డ్రిల్లు, అంటే గార్డ్‌లో నెలనెలా ఉండే వీకెండు శిక్షణ. వచ్చే నెల రెండు వారాల యాన్యువల్ ట్రెయినింగ్‌కి మిషిగన్‌లోని క్యాంప్ గ్రేలింగ్ వెళ్లాలి. యూనిట్‌లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇంటి విషయాలు వాళ్లకెందుకు, తర్వాత చులకనగా చూస్తారు అంటుంది మా ఆవిడ. ఆఫీసులో ఒక ఫ్రెండు, ఇంట్లోవాళ్ల జబ్బుకి చట్టప్రకారం ఇచ్చే ఎఫ్‌ఎంఎల్‌ఏ లీవు పెట్టేస్తే డ్రిల్లుకి కూడా వెళ్లక్కర్లేదన్నాడు. ఇంకొకాయన డ్రిల్లు ఎగ్గొడితే జైల్లో వేస్తారన్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?

- ఒక పాఠకుడు, కొలంబస్

జవాబు: తమ్ముడూ, వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే అంటాను. పత్రిక అచ్చయి నీ చేతికొచ్చేసరికి ఆ శనివారం దాటిపోతుందని నీతో ఫోన్లో ముందే మాట్లాడాను. నీలాంటి వాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఆ మాటలే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నా.

ముందు జైలు సంగతి. ఒక డ్రిల్లుకి రాలేదని తెల్లారేసరికి ఎవరూ సంకెళ్లు పట్టుకుని ఇంటికి రారు. అలాగని ఏమీ కాదనీ అనుకోకు. మనకి ఒక వీకెండులా కనిపించేదాన్ని సైన్యం నాలుగు డ్రిల్లుల కింద లెక్కేస్తుంది. శనివారం రెండు, ఆదివారం రెండు. చెప్పాపెట్టకుండా ఒక వీకెండు మానేస్తే నీ పేరు ఎదురుగా నాలుగు 'యూ'లు పడతాయి. అంటే అనుమతి లేని గైర్హాజరు. ఏఆర్ 135-91 అనే రెగ్యులేషన్ ప్రకారం ఒక ఏడాదిలో అలాంటివి 9 అయితే నిన్ను సరిగ్గా హాజరుకాని సైనికుల జాబితాలో వేస్తారు. రెండు వీకెండ్లకి ఎనిమిది. మూడో వీకెండు శనివారం మధ్యాహ్నానికే తొమ్మిది నిండిపోతాయి. ఆ తర్వాత ర్యాంకు తగ్గించొచ్చు, గార్డ్ నుంచి తీసేయొచ్చు.

నీ విషయంలో ఇంకో మెలిక ఉంది. చాలామంది మన పిల్లలకి ఇది తెలియదు. సర్వీసు మీద పౌరసత్వం తీసుకున్నవాళ్లు మొత్తం ఐదేళ్లు గౌరవంగా సేవ చేయకముందే 'అదర్ దేన్ ఆనరబుల్' (గౌరవప్రదం కాని) డిశ్చార్జి మీద బయటికొస్తే, ఆ పౌరసత్వాన్ని రద్దు చేయించే వీలు చట్టంలో ఉంది. నిన్ను భయపెట్టాలని చెప్పడం లేదు. అమ్మకి బాగోలేక డ్రిల్లుకి రాలేకపోయినవాడికి ఆ గతి పట్టదు. ఫోనెత్తకుండా, ఉత్తరాలకి జవాబివ్వకుండా నెలల తరబడి మాయమైపోయినవాళ్లకే ఆ ముప్పు. నువ్వు మూడో ఏట ఉన్నావు కాబట్టి మాయమవడం అనే దారి నీకు అసలు లేదనుకో.

అనుమతి తీసుకుని మానేసిన డ్రిల్లులు ఆ తొమ్మిదిలో కలవవు. జబ్బు, ఇంట్లో అత్యవసరం, మన చేతిలో లేని కారణం ఏదైనా ఉంటే, కాగితం చూపిస్తే కమాండర్ అనుమతి ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అన్నాను, ఇచ్చి తీరాలి అనలేదు. అందుకే ఎలా అడుగుతావన్నది ముఖ్యం.

డ్రిల్లు రోజు పొద్దున ఫార్మేషన్‌లో నువ్వు వరసలో నిలబడి ఉంటావు కాబట్టి ముందువైపు ఏం జరుగుతుందో నీకు కనిపించదు. ప్లటూన్ సార్జెంట్లు ఒక్కొక్కరూ లెక్క ఒప్పజెబుతారు. ఇంతమంది ఉండాలి, ఇంతమంది వచ్చారు, ఒకడు తక్కువ. అప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, వాడు ఎవరితోనైనా మాట్లాడాడా అని. మాట్లాడాడు, వాళ్లమ్మ ఐసీయూలో ఉంది అంటే ఆ పేరు పక్కన ఒక టిక్కు, సాయంత్రం ఒక ఫోన్, అంతే. ఎవరికీ తెలియదు సార్జెంట్ అంటే మాత్రం అప్పటి నుంచి ఇద్దరు మనుషులు పని మానుకుని ఫోన్లు చేస్తూ కూర్చుంటారు. కారు యాక్సిడెంటయిందా, ఇంకేమైనా చేసుకున్నాడా అని. మధ్యాహ్నానికి నిన్ను వెతుక్కుంటూ ఒకడు మీ ఇంటి తలుపు కొట్టినా కొడతాడు. చులకన మాట వచ్చేది అక్కడ. అందుకే మరదలితో ఈ ఒక్క విషయంలో నేను ఏకీభవించను. మన ఇళ్లల్లో గుట్టుగా నెట్టుకురావడం మర్యాద కావచ్చు, యూనిట్‌లో మాత్రం గుట్టుగా ఉన్నవాడికే అక్షింతలు పడతాయి.

ఎవరికి చెప్పాలి? మొదట నీ టీమ్ లీడర్‌కి, లేదా స్క్వాడ్ లీడర్‌కి. వాళ్లని దాటి నేరుగా కమాండర్‌కి ఫోన్ చేస్తే పని కాదని కాదు గానీ, సార్జెంట్ల మనసు నొచ్చుకుంటుంది. రేపు నీకు అవసరం పడేది వాళ్లతోనే. ఫోన్ చెయ్యి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టు. ఎత్తినా మెసేజ్ పెట్టు, రాతలో ఉండాలి. నీకు ఫోన్లో చెప్పిన మెసేజ్ ఇదీ:

"సార్జెంట్, మంగళవారం మా అమ్మకి స్ట్రోక్ వచ్చింది. ఐసీయూలో ఉంది. ఇక్కడ ఆవిడ మాట అర్థమయ్యేది నాకూ నా భార్యకే. ఈ వీకెండు డ్రిల్లుకి రాలేను. అనుమతి కోరుతున్నాను. ఈ డ్రిల్లు వేరే తేదీల్లో చేయడానికి సిద్ధం. ఆసుపత్రి ఉత్తరం రేపు పంపిస్తాను. ఏ టైములో అయినా ఈ నంబరుకి ఫోన్ చేయండి."

ఇంతకన్నా పొడుగు అక్కర్లేదు. సారీలు, బతిమాలడాలు వద్దు. ఇక ఆ ఉత్తరం. ఐసీయూలో సోషల్ వర్కర్ ఉంటారు, వాళ్లని అడుగు. రోగి పేరు, నీకేమవుతారు, ఏ తేదీన చేరారు, ఇంట్లోవాళ్లు దగ్గరుండాల్సిన అవసరం ఎన్నాళ్లు, ఈ నాలుగూ ఉంటే చాలు. ఎంఆర్‌ఐ రిపోర్టులు యూనిట్‌కి పంపకు. అవి అమ్మ సొంత విషయాలు. వాటిని చదివి అర్థం చేసుకునేవాళ్లు కూడా ఆర్మరీలో, అదే మీ యూనిట్ భవనంలో, ఎవరూ ఉండరు. అదే ఉత్తరం యూనిట్‌లో రోజూ పనిచేసే ఫుల్‌టైమ్ మనిషికి, రెడీనెస్ ఎన్‌సీఓ అంటామే, ఆయనకీ ఈమెయిల్ చెయ్యి. డ్రిల్లు లేని రోజుల్లో కాగితాలు కదిలేది ఆయన చేతిమీదుగానే.

అనుమతితో మానేస్తే జీతం రాదు. 'యూ' పడదు, అంతవరకే. ఆ వీకెండుకి బదులు వేరే రోజుల్లో చేస్తానంటే జీతమూ వస్తుంది, పెన్షన్ పాయింట్లూ వస్తాయి. గార్డ్‌లో దీన్ని సూటా అంటారు, ఆర్మీ రిజర్వ్‌లో ఆర్‌ఎస్‌టీ. అమ్మ రిహాబ్‌కి మారాక, మరదలు ఇంట్లో ఉండే రోజు చూసుకుని ఆర్మరీకి వెళ్లి సప్లై రూములో లెక్కలు చూసినా డ్రిల్లు కింద జమ అవుతుంది. తేదీలు నువ్వే రెండు మూడు రాసిపెట్టుకుని అడుగు. ఎప్పుడు వస్తావని వాళ్ల చేత అడిగించుకోకు.

పెన్షన్ గురించి నువ్వు అడగలేదు గానీ ఆ బెంగ మనసులో ఉండే ఉంటుంది. లెక్క చూద్దాం. ఏడాదికి 48 డ్రిల్లులకి 48 పాయింట్లు, యాన్యువల్ ట్రెయినింగ్‌కి 15, ఊరికే గార్డ్‌లో ఉన్నందుకు 15. మొత్తం 78. ఆ ఏడాది పెన్షన్ లెక్కలోకి రావాలంటే 50 చాలు. రెండు వీకెండ్లు పోయి, యాన్యువల్ ట్రెయినింగ్ పూర్తిగా పోయినా నీకు ఇంకా 55 ఉంటాయి. కాబట్టి ఆ సంగతి ఈ నెలకి పక్కన పెట్టు.

ఇక ఎఫ్‌ఎంఎల్‌ఏ. మీ ఫ్రెండు చెప్పింది తప్పు. ఎఫ్‌ఎంఎల్‌ఏ 1993 నాటి చట్టం, అది నీ సాఫ్ట్‌వేర్ కంపెనీని కట్టిపడేస్తుంది. అమ్మకి తీవ్రమైన జబ్బు చేస్తే ఏడాదిలో 12 వారాల వరకు జీతం లేని సెలవు ఇచ్చి తీరాలి, తిరిగొచ్చాక ఉద్యోగం ఉండాలి. కంపెనీలో నువ్వు 12 నెలలు పనిచేసి ఉండాలి, గడిచిన ఏడాదిలో 1,250 గంటలు చేసి ఉండాలి, 75 మైళ్ల లోపల కంపెనీకి 50 మంది ఉద్యోగులుండాలి. 12 వారాలూ ఒకేసారి వాడక్కర్లేదు. డాక్టరు అవసరమని రాసిస్తే వారానికి రెండు రోజులు, మూడు రోజులు అని కూడా తీసుకోవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకో, మీ అమ్మ కాబట్టి ఇది నీకు దొరుకుతుంది. అత్తగారికైతే దొరకదు, అప్పుడు లీవు పెట్టుకోవాల్సింది మరదలు.

గార్డ్‌కి ఈ చట్టంతో పనిలేదు. ఎఫ్‌ఎంఎల్‌ఏ కాగితం తీసుకెళ్లి ఫస్ట్ సార్జెంట్ చేతిలో పెడితే ఆయన చదివి తిరిగి ఇచ్చేస్తాడు. అలాగే 1994 నాటి యూసెరా చట్టం నీ కంపెనీ నుంచి నిన్ను కాపాడుతుంది, గార్డ్ నుంచి కాదు. డ్రిల్లుకి, ట్రెయినింగ్‌కి వెళ్తుంటే కంపెనీ అడ్డుపడకూడదు, ఆ రోజుల్ని నీ వెకేషన్‌లో బలవంతంగా కోయకూడదు. ఎఫ్‌ఎంఎల్‌ఏ అడిగే ఆ 1,250 గంటల్లో నువ్వు సైనిక విధుల కోసం వదులుకున్న పనిగంటలు కూడా కలపాలి. హెచ్‌ఆర్‌లో కొత్తవాళ్లకి ఇది తెలియకపోతే నువ్వే చెప్పాలి. మొత్తం మీద నీకు ఇద్దరు యజమానులు. ఒకరి దగ్గర తీసుకున్న సెలవు రెండోవాళ్ల దగ్గర చెల్లదు. ఇద్దరికీ విడివిడిగా కాగితం పెట్టాల్సిందే.

క్యాంప్ గ్రేలింగ్ విషయం నెల ముందే ఎత్తు. చివరి వారం దాకా ఆగితే నీ పేరు మీద బస్సులో సీటు, భోజనం లెక్క, పరుపు, ఆయుధం అన్నీ పడిపోయి ఉంటాయి, అప్పుడు కమాండర్ అవునన్నా కింద నలుగురు తిట్టుకుంటారు. ఇప్పుడే అడిగితే దారులున్నాయి. మొత్తానికి మినహాయింపు ఒకటి. ఆ ఏడాదే ఇంకో తేదీల్లో వేరే యూనిట్‌తో చేయడం ఇంకొకటి. యూనిట్ వెళ్లాక ఆర్మరీలో ఉండిపోయే చిన్న బృందం ఉంటుంది, అందులో నిన్ను వేయమని అడగడం మూడోది. నన్నడిగితే మూడోదే ముందు అడుగుతాను. జీతం వస్తుంది, రాత్రికి ఇంటికి రావచ్చు. ఏది ఇస్తారన్నది వాళ్ల అవసరాన్ని బట్టి ఉంటుంది.

ఒకవేళ అమ్మ కుదుటపడి నువ్వు గ్రేలింగ్ వెళ్తే, వెళ్లేముందు ఒక కాగితం ఫ్రిజ్ మీద అంటించి వెళ్లు. నీ పూర్తి పేరు, ర్యాంకు, పుట్టినతేదీ, యూనిట్ పేరు, అడ్రసు, అమెరికన్ రెడ్ క్రాస్ నంబరు 1-877-272-7337. ఫీల్డులో సెల్‌ఫోన్లు పనిచేయవు, పనిచేసినా తీయనివ్వరు. అమ్మకి మళ్లీ ఏదైనా అయితే మరదలు ఆ నంబరుకి ఫోన్ చేస్తే రెడ్ క్రాస్ వాళ్లు ఆసుపత్రిలో కనుక్కుని కమాండర్‌కి కబురు అందిస్తారు.

గార్డ్ నుంచి బయటికొచ్చేద్దామా అని ఫోన్లో అడిగావు. ఇనాక్టివ్ నేషనల్ గార్డ్ అని ఒకటుంది. డ్రిల్లులుండవు, ఏడాదికోసారి హాజరు వేయించుకుంటే చాలు. అదీ వెంటనే చేసేయమనను. జీతం ఆగుతుంది, ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ ఇన్సూరెన్సు పోతుంది, బోనస్ ఒప్పందం ఉంటే అదీ కదులుతుంది. ఇంట్లో పసివాడున్నాడు, నీకూ మరదలికీ వాడికీ ఇన్సూరెన్సు దేని మీదుందో చూసుకోకుండా సంతకం పెట్టకు. స్ట్రోక్ వచ్చిన మొదటి నెల ఎలా ఉంటుందో మూడో నెల అలా ఉండదు. మూడో నెలకి కూడా ఇల్లు గాడిన పడకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

ఆసుపత్రి బిల్లు నా సబ్జెక్టు కాదు, రెండు ముక్కలే చెప్తాను. ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్‌లోకి అమ్మానాన్నలు రారు, ఆ ఆశ వదిలెయ్యి. విజిటర్ ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేయడం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకు, బీపీ ముందునుంచే ఉందా అని తప్పకుండా అడుగుతారు. ఆసుపత్రి నాన్‌ప్రాఫిట్ అయితే దానికి ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ ఉండి తీరాలని ఫెడరల్ చట్టం. డిశ్చార్జి తర్వాత వచ్చే మొదటి బిల్లు నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. వాళ్లంతట వాళ్లు చెప్పరు, ఆ దరఖాస్తు ఇవ్వండి అని నువ్వే అడుగు. అమ్మ ఐ-94 గడువు, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చన్నది, ఎప్పటిదో కూడా ఈ రోజే చూసుకో. ప్రయాణం చేయలేని స్థితి అయితే గడువు తీరకముందే పొడిగింపుకి ఐ-539 దరఖాస్తు వేయాలి.

నిద్ర పట్టడం లేదన్నావు. మీ బెటాలియన్‌లో చాప్లిన్ ఉంటాడు. పాస్టర్ కదా, మనకెందుకు అనుకోకు. మతం ఏదైనా ఆయనతో మాట్లాడొచ్చు, నువ్వు చెప్పింది కమాండర్‌కి కూడా చెప్పకూడదు, అది రూలు. మిలిటరీ వన్‌సోర్స్ 1-800-342-9647 అని ఇంకో హెల్ప్‌లైన్ ఉంది. గార్డ్ వాళ్లకి డ్రిల్లు లేని రోజుల్లో కూడా ఉచితం. కౌన్సెలింగ్ కోసం నీకే కాదు, మరదలికీ పనికొస్తుంది. పసివాడూ, ఉద్యోగమూ, ఆసుపత్రీ ఇప్పుడు ఆ అమ్మాయి నెత్తిమీద కూడా ఉన్నాయి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చేసి, గ్రీన్ కార్డు వచ్చాక ఆర్మీ రిజర్వ్‌లో చేరాడు. ప్రస్తుతం సౌత్ కరొలైనాలో ఫోర్ట్ జాక్సన్‌లో బేసిక్ ట్రెయినింగ్. ఫోన్ ఉండదని ముందే చెప్పాడు. మా కోడలు అమెరికాలోనే ఉంది. వచ్చే వారం గుంటూరులో మా ఆవిడకి బైపాస్ ఆపరేషన్. వాడికి ఎలా తెలియజేయాలి? వాణ్ని పంపిస్తారా?

- ఒక తండ్రి, తెనాలి

జవాబు: అయ్యా, తెలియజేయడం తేలికే, పంపించడం వేరే సంగతి. పైన చెప్పిన రెడ్ క్రాస్ నంబరే మీకూ దారి. తెనాలి నుంచి తంటాలు పడేకంటే, అమెరికాలో ఉన్న మీ కోడలో, వాడి స్నేహితుడో ఫోన్ చేస్తే సులువు. అబ్బాయి పాస్‌పోర్టులో ఉన్న పేరు, పుట్టినతేదీ, ట్రెయినింగ్ కంపెనీ అడ్రసు, గుంటూరు ఆసుపత్రి పేరు, డాక్టరుగారి ఫోన్ నంబరు సిద్ధంగా పెట్టుకోండి. డాక్టరుగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. అర్ధరాత్రి అమెరికా నుంచి ఫోన్ వస్తే కంగారు పడి పెట్టేయగలరు.

రెడ్ క్రాస్ సెలవు ఇవ్వదు. విషయం నిజమేనని కమాండర్‌కి చెబుతుంది, నిర్ణయం ఆయనది. బేసిక్ 10 వారాల శిక్షణ. మధ్యలో ఎక్కువ రోజులు పోతే అదే కంపెనీతో పూర్తి చేయనివ్వకుండా వెనకొచ్చే బ్యాచ్‌లో కలుపుతారు. అబ్బాయి ఆ కష్టం మళ్లీ పడాలి. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితి అయితే ఆ లెక్క చూడకూడదు, రమ్మనండి. డాక్టరుగారు ధైర్యం చెప్పిన, ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషన్ అయితే మాత్రం, ఆపరేషన్‌కి ముందొకసారి, తర్వాతొకసారి అమ్మతో ఫోన్లో మాట్లాడించమని ఆ కబురులోనే కోరండి. అది కుదిరే అవకాశం ఎక్కువ. టికెట్టు ఖర్చు, రెండు వైపులా ప్రయాణంలో పోయే రోజులు కూడా లెక్కలోకి తీసుకోండి.

కంపెనీ అడ్రసు మీ దగ్గర లేకపోతే, చేరిన కొత్తలో అబ్బాయి కోడలికి రాసిన ఉత్తరం కవరు మీద ఉంటుంది. అదీ దొరక్కపోతే అబ్బాయిని చేర్పించిన రిక్రూటర్‌కి ఫోన్ చేయించండి, ఆయన దగ్గర ఉంటుంది.